ఎడమ పక్క నంబరు

హనుమాన్ జంక్షన్‌లో లారీలకు స్టిక్కర్లు అంటించే షాపులో నేను పనికి చేరేనాటికి నా డిగ్రీ పూర్తయి రెండేళ్ళయింది. బీఎస్సీ కెమిస్ట్రీ. ఆగిరిపల్లిలో మా అమ్మ మామిడి తోటల్లో కాయ ఏరి సైజుల వారీగా వేరుచేసే పనికి వెళ్ళేది. సీజను మొదలైందంటే తెల్లారకముందే ఆటో ఎక్కేది. నేనేమో ఇంట్లో కూర్చుని ఫోన్లో ఉద్యోగ ప్రకటనలు చూస్తూ ఉండేదాన్ని. హైదరాబాదు, విశాఖపట్నం, ఎక్కడ ల్యాబు ఖాళీ ఉందంటే అక్కడికి బయోడేటా పంపేదాన్ని. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి రెండుసార్లు స్వయంగా వెళ్ళాను. రెండుసార్లూ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "ఆ పెట్టెలో వేసి వెళ్ళండమ్మా, పిలుస్తారు" అన్నాడు. పిలవలేదు.

ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాలేదు. కంప్యూటరు వచ్చిన మనిషి కావాలంటే షాపులో చేరాను. లైటు పడగానే మెరిసే షీటును మావైపు రేడియం అంటారు. ఆ షీటు మీద కంప్యూటరు కోసిన అక్షరాలను ఒలిచి, లారీ ఒంటికి ముడత పడకుండా అంటించడమే పని. షాపు యజమానిని అందరూ మాస్టారు అనేవారు. బడిలో చెప్పింది లేదు. మిషన్లు రాకముందు ముప్పై ఏళ్ళపాటు బ్రష్షుతో లారీల మీద అక్షరాలు రాసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి కింద కూర్చోలేక, కుర్చీలోంచే పని చూసేవాడు.

"లారీ వెనక పిల్లల పేర్లు తప్పు రాసినా తిడతారు, దిద్దుతాం, అయిపోద్ది. ట్యాంకరు బోర్డు అలా కాదమ్మా," అన్నాడు మొదటి వారంలోనే. ఓ నలిగిన పుస్తకం తీసి చూపించాడు. ప్రమాదకరమైన సరుకు మోసే బండికి రెండు పక్కలా, వెనకా, మొత్తం మూడు చోట్ల బోర్డు ఉండాలి. సరుకు పేరు, దానికి లోకమంతా ఒకటే ఉండే నాలుగంకెల నంబరు, ఏ రకం ప్రమాదమో చెప్పే డైమండ్ బొమ్మ, ఏదైనా జరిగితే చెయ్యాల్సిన ఫోను నంబరు. "బండి బోల్తా పడితే డ్రైవరుకి స్పృహ ఉంటుందో ఉండదో. ఫైరింజన్ వాళ్ళు బోర్డు చూసే నీళ్ళు కొట్టాలా వద్దా అనుకుంటారు."

నంబర్లు నాకు తొందరగానే పట్టుబడ్డాయి. పెట్రోలు 1203. గ్యాసు 1075. హైడ్రోక్లోరిక్ యాసిడ్ 1789. కాస్టిక్ సోడా ద్రవం 1824. ఇవన్నీ కాలేజీ ల్యాబులో సీసాల మీద చూసిన పేర్లే. ఇప్పుడు సీసా బదులు ట్యాంకరు. బయట నిలబడి దాని పేరు అంటిస్తున్నాననే చికాకు నన్ను వదిలేది కాదు. షాపు ముందు నుంచి హైవే మీద వెళ్ళే ప్రతి బస్సూ నన్ను తప్ప అందరినీ ఎక్కించుకుని పోతున్నట్టుండేది. మధ్యాహ్నం అన్నం కూడా నిలబడే తినేదాన్ని.

ఆ రోజు మే నెల. ఒకే యజమానివి రెండు ట్యాంకర్లు పొద్దున్నే వచ్చి షాపు ముందు ఆగాయి. ఒకదాంట్లో యాసిడ్, అది ఏలూరు వైపు పోవాలి. రెండోదాంట్లో కాస్టిక్, అది వెళ్ళేది నేను బయోడేటా వేసి వచ్చిన గుజ్జు ఫ్యాక్టరీకే. రెండిటి బోర్డులూ ఎండకీ వానకీ వెలిసిపోయి ఉన్నాయి. కాస్టిక్ బండి డ్రైవరు యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు.

"పేర్లు తిరిగొచ్చేటప్పుడు చేయించుకుంటానమ్మా. అన్‌లోడింగ్‌కి లేటయిపోద్ది. నంబర్లు మాత్రం మార్చెయ్," అన్నాడు.

ఆ రెండు సరుకులకీ డైమండ్ బొమ్మ ఒకటే. గొట్టంలోంచి చుక్కలు పడి ఒక చెయ్యి, ఒక ఇనుప ముక్క తినేస్తున్నట్టుండే బొమ్మ. తేడా అంతా నంబరులోనే. మూడు 1824లు కోశాను. మూడు 1789లు, ముడత పడితే పనికొస్తుందని ఇంకొకటి అదనంగా కోశాను. యాసిడ్ బండి పూర్తయి వెళ్ళిపోయింది. కాస్టిక్ బండికి కుడి పక్క అంటించాను, వెనక అంటించాను. ఎడమ పక్కకి వచ్చేసరికి ఫోను మోగింది. హైదరాబాదులో ఓ మందుల కంపెనీకి ఆన్‌లైన్లో ఇచ్చిన ఇంటర్వ్యూ ఫలితం. ఒక చేత్తో స్టిక్కరు పట్టుకుని, ఇంకో చేత్తో మెసేజ్ తెరిచాను. 'ప్రస్తుతానికి మీ అర్హతలకు తగిన ఖాళీ లేదు.' ఫోను జేబులో పడేసి, స్టిక్కరు అంటించి, మీద గుడ్డతో గట్టిగా రుద్దాను. కోపమంతా రుద్దడంలో చూపించాను. ఏం అంటిస్తున్నానో మాత్రం చూడలేదు.

బండి వెళ్ళిపోయిన గంటకి బల్ల తుడుస్తుంటే మిగిలిన స్టిక్కరు చేతికి తగిలింది. అది 1789 అయ్యుండాలి. చేతిలో ఉన్నది 1824.

అంటే కాస్టిక్ బండి ఎడమ పక్కకి అంటించింది యాసిడ్ నంబరు. మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఓసారి స్టిక్కరు చూశాడు, ఓసారి నన్ను చూశాడు.

"ఫోన్ చెయ్యి."

డ్రైవరు ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. బండి నడిపేటప్పుడు ఎత్తడు కాబోలు. ఫ్యాక్టరీ ఆఫీసు నంబరుకి చేస్తే అదీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఫ్యాక్టరీలో రెండూ వాడతారని నాకు తెలుసు. గుజ్జు మిషన్లు కడగడానికి కాస్టిక్, నీళ్ళ ప్లాంటుకి యాసిడ్. రెండిటికీ వేర్వేరు ట్యాంకులు. దించేవాడు తన వైపున్న బోర్డు చూసి కాస్టిక్‌ని యాసిడ్ ట్యాంకులోకి వదిలాడంటే ఆ ట్యాంకు మరిగిపోయి మనుషుల మీదికి చిమ్ముతుంది. ఎంత వేడి పుడుతుందో డిగ్రీ రెండో ఏడులో లెక్క కట్టినదాన్నే నేను.

"నేను వెళ్తాను మాస్టారూ."

"స్కూటీ మీదా? మెల్లిగా వెళ్ళు. నేను ఫోన్ చేస్తానే ఉంటా ఆయనకి."

స్టిక్కరు, గుడ్డ, బ్లేడు సంచిలో వేసుకుని బయల్దేరాను. మెల్లిగా వెళ్ళలేదు. నూజివీడు దాకా బాగానే వచ్చాను. మార్కెట్ దగ్గర ట్రాక్టర్లు, ఆటోలు, కాయల ట్రేలతో వ్యాన్లు రోడ్డంతా నిండిపోయి ఉన్నాయి. ఒక ట్రాక్టరు అడ్డం తిరిగి ఇరుక్కుంది. హారన్లు, అరుపులు. ఎండకి పచ్చి మామిడికాయ జీడి వాసన ముక్కుల్లో మంటగా తగులుతోంది. ట్యాంకరు ఇక్కడే ఎక్కడో చిక్కుకుని ఉంటుందని ఆశపడి బండ్ల సందుల్లోంచి తొంగి తొంగి చూశాను. కనబడలేదు. స్కూటీని కాలవ గట్టు మీదికి ఎక్కించి, ఓ పండ్ల వ్యాపారి తిట్లు తింటూ, అతని ట్రేల పక్కనుంచి తోసుకుంటూ బయటపడ్డాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర అదే సెక్యూరిటీ ఆయన.

"కాస్టిక్ ట్యాంకరు వచ్చిందాండీ?"

"లోపలికెళ్ళి పావుగంటయింది. మీరెవరమ్మా? ఎవర్ని కలవాలి?"

"ఆ బండి మీద నంబరు తప్పు. నేనే అంటించాను. దించకుండా ఆపాలి, అర్జెంటండీ."

ఆయనకి ఎంతవరకు అర్థమైందో తెలియదు. నా మొహం చూసి మాత్రం రిజిస్టరు పక్కకి నెట్టేసి గేటు తెరిచాడు. "ఎడమ వైపు తిరిగి వెనక్కెళ్ళండి. పరిగెత్తకండి, నేల తడిగా ఉంటది," అన్నాడు. పరిగెత్తాను.

వెనక రెండు పెద్ద ట్యాంకుల మధ్య బండి ఆగి ఉంది. డ్రైవరు చేతిలో కాయితాలు ఊపుతూ అరుస్తున్నాడు. రబ్బరు చేతితొడుగులు వేసుకున్న ఓ పెద్దాయన యాసిడ్ ట్యాంకు దగ్గర గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేను తెచ్చింది కాస్టిక్ అని చెప్తన్నాగా!"

"నువ్వు ఏం చెప్తే నాకెందుకయ్యా? నీ బండి మీదే యాసిడ్ నంబరుంది. ఇదిగో!" అన్నాడు పెద్దాయన. అతను నిలబడింది ఎడమ పక్క.

ఇద్దరి మధ్యకీ వెళ్ళి, ఊపిరందక, "తప్పు నాదండీ, బోర్డు తప్పు, దాంట్లో కాస్టికే," అన్నాను. అప్పుడు వాళ్ళిద్దరూ కలిసి నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇంతలో తెల్లకోటు వేసుకున్న కెమిస్టు వచ్చాడు. నా వయసువాడే. జరిగింది విని చిన్న సీసాలో శాంపిల్ పట్టించి, నీళ్ళు కలిపి, జేబులోంచి ఓ చుక్కల సీసా తీశాడు. నా నోరు ఊరుకోలేదు. "కాస్టిక్ కాబట్టి పింక్ వస్తుంది," అన్నాను. చుక్క పడగానే ముదురు గులాబీ రంగు వచ్చింది.

అతను తలెత్తాడు. "మీరు కెమిస్ట్రీనా?"

"అవునండీ."

"మరి ఇదేంటి?"

స్టిక్కర్ల పని ఏంటని అడిగాడో, ఈ తప్పు ఏంటని అడిగాడో నాకు తెలియలేదు. అతను సీసా మూత పెట్టుకుని సూపర్‌వైజరుకి చెప్పడానికి వెళ్ళిపోయాడు.

సరుకు దించుకోవడానికి సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. బండి మీద ఒకటి, కాయితంలో ఒకటి ఉన్నప్పుడు సరుకు పంపినవాళ్ళ దగ్గర్నుంచి రాతపూర్వకంగా రావాలన్నాడు. అది మర్నాటికి గాని రాదట. డ్రైవరు బండిని గోడ పక్కకి తీసి పెట్టి, దాని నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

తప్పుడు స్టిక్కరు బ్లేడుతో గీకి తీశాను. పొద్దున అంత గట్టిగా రుద్దాను కాబట్టి ఊడిరావడానికి చాలాసేపు పట్టింది. గోళ్ళ సందుల్లో జిగురు ఇరుక్కుంది. కొత్తది అంటించి, ఒక్కో అంకె మీదా వేలుపెట్టి చూసుకున్నాను. తర్వాత డ్రైవరు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"క్షమించండి. పరధ్యానంలో ఉన్నానండీ."

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. అంకెలు కూడబలుక్కుంటాను గానీ ఏ అంకె దేనిదో నాకేం తెలుసు? నువ్వు అంటించింది నిజమనుకునే ఎక్కి కూర్చున్నా. ఇన్ని ఊళ్ళలోంచి, ఇంతమంది జనంలోంచి తోలుకొచ్చా."

తిట్టినా బాగుండేది. రోడ్డు మీది హోటల్‌కి వెళ్ళి అన్నం పార్సిల్ తెచ్చి ఇచ్చాను. వద్దనలేదు. తింటూ చెప్పాడు, ఈ బొమ్మ చూసి దాబాల వాళ్ళు తన బండిని దగ్గర్లో ఆపనివ్వరట, ఎక్కడో ఎండలో దూరంగా పెట్టి నడిచి వెళ్ళి తినాలట. "అయినా బొమ్మ ఉండాల్సిందే. మొన్నోసారి ఓనరు తీసెయ్యమన్నాడు, ఖాళీ బండే కదా అని. కడక్కుండా తియ్యనన్నా. లోపల అడుగున సరుకు ఉంటది గదా!" అన్నాడు. చదువు లేని అతనికి ఈ సంగతి నాకంటే గట్టిగా తెలుసు.

సాయంత్రం షాపుకి వచ్చి మాస్టారికి అంతా చెప్పాను. పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. "ఎవరికీ ఏం కాలేదుగా," అని మాత్రం అన్నాడు. మర్నాటి నుంచి నాకు లారీల పేర్లు, పువ్వులు, నెమళ్ళు ఇచ్చాడు. ట్యాంకరు వస్తే తనే కుర్చీలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని, బండి చుట్టూ తిరిగి అంటించాడు. ఆయన వంగలేక మూలుగుతుంటే నేను నెమళ్ళు కోస్తూ కూర్చోవడం నాలుగు రోజులు భరించాను. ఐదో రోజు లేచి వెళ్ళి ఆయన చేతిలోంచి షీటు తీసుకున్నాను.

"నేను చేస్తాను. మీరు కాయితం చూసి చదవండి."

"ఫోనో?"

ఫోను తీసి ఆయన బల్ల సొరుగులో పెట్టాను. ఆయన కాయితం కళ్ళ దగ్గరికి తీసుకుని ఒక్కో అంకే పైకి చదివాడు. నేను ఒక్కో అంకే అంటించాను. అప్పట్నుంచి ఆ షాపులో పద్ధతి అదే అయింది. డ్రైవరుని కూడా పిలిచి, మూడు పక్కలా తిప్పి, మూడు చోట్లా ఒకటే ఉందని అతని చేత అనిపించాకే బండి వదిలేవాళ్ళం.

ఆ కాస్టిక్ బండి డ్రైవరు రెండు నెలల తర్వాత పేర్లు రాయించుకోవడానికి వచ్చాడు. వేరే షాపుకి పోతాడనుకున్నాను. నేను అంటిస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు.

తర్వాత కొన్నాళ్ళకి నాకు ఓ ల్యాబులో ఉద్యోగం దొరికింది. గుజ్జు ఫ్యాక్టరీలో కాదు. ఇక్కడ సీసాలకి లేబుళ్ళు నేనే రాస్తాను. రాశాక పక్క టేబులు అమ్మాయిని పిలిచి చదవమంటాను. విసుక్కుంటుంది. "మీకెందుకండీ అంత కంగారు?" అంటుంది. బస్సులో వస్తుంటే ఎదురుగా ట్యాంకరు వస్తే నేను సీట్లోంచి సగం లేస్తాను. ముందు కుడి పక్క నంబరు చూస్తాను, బండి దాటేటప్పుడు వెనకది చూస్తాను. ఎడమది కనబడదు. కనబడదని తెలిసి కూడా అది కనుమరుగయ్యేదాకా కూర్చోలేను.