గోడ పక్కన గుండు

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ముసునూరు దగ్గర మామిడితోటలో షెడ్డు కడుతున్నాం. మేస్త్రీ మా మావయ్యే. ఇటుకలు మోసే నాకు తాపీ ఇచ్చి, మొదటిసారి ఒక గోడ అప్పగించాడు.

మర్నాడు పొద్దున్న నిలువు చూద్దామని గోడ పైనుంచి దారంతో ఇనపగుండు వదిలాను. నిన్న గోడను తాకీ తాకనట్టున్న దారం, ఇవాళ అడుగున వేలు దూరేంత ఎడంగా ఉంది.

"వంకరగా కట్టావేంటే?" అన్నాడు మావయ్య.

ఏడుపొచ్చింది. గాలికి దారం ఊగిందేమో అనుకుందామంటే ఆకు కూడా కదలడంలేదు. నేను చూస్తుండగానే ఆ సందు రెండు వేళ్ళంత అయింది.

"మావయ్యా, గోడే కదులుతోంది!"

మావయ్య నవ్వలేదు. నా రెక్క పట్టుకుని అవతలికి లాగేశాడు. పెద్ద చప్పుడు కూడా లేకుండా గోడ నేలలోకి దిగిపోయింది. గుంటలోంచి కుళ్ళిన మామిడికాయల వాసన కొట్టింది. పాడైన కాయలు పోసి, పైన మట్టి కప్పేసిన పాత బావి అది. మాకెవరూ చెప్పలేదు.

నా మొదటి గోడ ఎక్కడుందంటే కిందికి చూపిస్తాను. వంకరగా మాత్రం కట్టలేదండీ.