తలుపుకు ఆనించిన కర్ర

సైనికులు ఇంట్లో చొరబడి పొయ్యి పక్కనున్న మంచం ఆక్రమించుకుంటే, డెబ్బై ఏళ్ల మోత్రియా కిక్కురుమనకుండా బంగాళాదుంపల నేలమాళిగలోకి దిగిపోయింది. రష్యా సైన్యం ఆ ఉక్రెయిన్ పల్లెను పట్టుకున్న మార్చి నెల అది. నెల్లాళ్లూ వాళ్ల చొక్కాలు ఉతికింది. ఇది అన్యాయం అని ఒక్కనాడూ నోరు తెరవలేదు.

పక్కింటి ఒదార్కా మొగుడు పనాస్ ఒకప్పుడు సైన్యంలో పనిచేశాడు. అలాంటివాళ్లను వెతికి మరీ పట్టుకుపోతున్నారు. ఒదార్కా అతన్ని, మోత్రియాకు తప్ప ఎవరికీ తెలియకుండా, లోపల దాచి, బావికి వెళ్తూ తలుపుకు బయట కర్ర ఆనించింది. ఆ ఊళ్లో తాళాలెవరు వేస్తారు? కర్ర ఉంటే ఇంట్లో ఎవరూ లేరనే. ఆ ఇంటి సోదా ముందురోజే అయింది కనుక సైనికులూ అటు తొంగిచూడటం లేదు.

గాలికి కర్ర పడింది. తడిబట్టల బుట్టతో పోతున్న మోత్రియా చూసింది. పక్కింటి కర్ర పడితే నిలబెట్టి పోవడం ఆమెకు బుద్ధెరిగినప్పటి అలవాటు. నిలబెట్టింది. అంతటితో ఊరుకుందా?

"పనాసూ, కదలకు నాయనా, కర్ర పెట్టేశాను."

"ఎవరితో బామ్మా ముచ్చట్లు?" కంచె దగ్గర సైనికుడు.

"గాలితో."

"మీ ఊళ్లో గాలికి పేర్లు కూడా పెడతారా? తియ్యి కర్ర."

తీసింది. తన చేత్తోనే.

సైన్యం పోయాక పనాస్ శవం అడవిలో దొరికింది, చేతులు వెనక్కి కట్టేసి.

"ఎవరు చెప్పారత్తా?" అని ఒదార్కా ఏడిస్తే, "గాలికి కర్ర పడిందే తల్లీ" అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు. దర్యాప్తు అధికారి అడిగితే "నేనేం చూశానయ్యా" అని తప్పుకుంది. కానీ ఆ సైనికుడి పేరు ఆమెకు తెలుసు. తాను ఉతికిన చొక్కా కాలరు లోపల సిరాతో రాసుంది. ఆ పేరు బయటపెట్టాలంటే కర్ర సంగతీ బయటపెట్టాలి.

వేసవంతా ఆ సంగతి దాచుకునే తిరిగింది. ఆకులు రాలే రోజుల్లో ఒదార్కాను వెంటబెట్టుకుని అధికారి దగ్గరికి వెళ్లింది. "వాడి పేరు చెప్తాను. ముందు నా పేరు రాసుకో" అని అంతా చెప్పేసింది.

"మీది నేరం కాదు బామ్మా."

"అది చెప్పాల్సింది నువ్వు కాదు."

చెప్పాల్సిన మనిషి ఆమె ముఖమైనా చూడలేదు.

ఇప్పుడు మోత్రియా రొట్టె కాల్చి తీసుకెళ్తే ఒదార్కా ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తూనే ఉంటుంది. ఒదార్కా వెనక వాకిట్లోంచి తిరుగుతోంది కాబోలు, ముందు తలుపుకు మాత్రం కర్ర ఉంటుంది. మోత్రియా గడప దాటదు. రొట్టె అక్కడే పెట్టి వచ్చేస్తుంది.

మీరు కళ్లారా చూసిన దౌర్జన్యం ఏదైనా ఉంటే, అందులో మీ తప్పు కలిసున్నా సరే, వెళ్లి చెప్పండి. వేసవి గడిచేదాకా ఆగకండి.