ఆగిన ఇంజను

చింతపల్లి మెకానిక్ బొంజుబాబు ఏ బండి ముట్టుకున్నా ముందు ఇంజను ఆపి, పెట్రోలు పైపు ఊడదీసి, నోటితో ఊది చూసేవాడు. ముప్పై ఏళ్ల అలవాటు. కాఫీ గింజలు మోసే తన పాత పెట్రోలు లారీకి ఈ చలికాలమే కార్బురేటర్ తీసేసి, సిలిండరుకొకటి చొప్పున పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు బిగించాడు. ఇంజను ఆపినా ఇక పైపులో ప్రెషర్ నిలిచే ఉంటుందని, ముందు దాన్ని దించాలని సామాను అమ్మినవాడు చెప్పాడు. తల విన్నది గాని చేతులు వినలేదు. మొదటి రోజే నట్టు వదులు చేశాడో లేదో, పెట్రోలు కళ్లలోకి చిమ్మింది, చొక్కా తడిసిపోయింది. షెడ్డు మూలనే భార్య జెమిలి పొయ్యి మీద అంబలి కాస్తోంది. కళ్లు తెరుచుకోవు. ఎటు అడుగేస్తే మంటో తెలియదు.

"మంట ఎటుందే?" అన్నాడు సన్నగా.

"నీ ఎనకాలే. కదలకు," అంటూ ఆమె అంబలి కుండెత్తి పొయ్యిలో కుమ్మరించింది. ఆ సుయ్‌మన్న చప్పుడు వినగానే తానే అంటుకున్నాననుకున్నాడు.

ఇప్పుడు లారీ ఆపాక, స్పానరు పట్టుకుని గోడకానుకుని నిలబడిపోతాడు. "ఆర్పీసేను," అని జెమిలి రెండుసార్లు చెప్పాలి. ఆ పొయ్యిని ఆమె ఆ రోజే పీకేసిందని, అక్కడిప్పుడు పాత టైర్లున్నాయని అతనికీ తెలుసు.