నీలం తిరిగిన బాడిశ

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కిరాణా కొట్ల మధ్య పెరిగినవాణ్ణి, పుచ్చిన కందిపప్పునైనా ఎవరికో ఒకరికి అంటగట్టగలను. దీన్ని మాత్రం ఎవరికీ అంటగట్టలేకపోయాను. అలిసిపోయాను. మీరు వినండి.

ఇచ్చోడలో నాకు సాన దుకాణం ఉండేది. కత్తులు, గొడ్డళ్లు, బాడిశలు పదును పెట్టేవాణ్ణి. చేత్తో తిప్పే రాతి సాన తీసేసి కరెంటు సాన పెట్టించాను. రవ్వలు ఎంత ఎగిరితే పని అంత గట్టిదని జనం నమ్మేవారు. నిజానికి అంత రాపిడికి అంచు కాలిపోతుంది, మధ్యమధ్య నీళ్లలో ముంచాలి. నాకు తెలుసు. ముంచితే తమాషా ఏముంటుంది?

ఒక వారపు అంగడినాడు వడ్ల లస్మయ్య, నాగళ్లు చెక్కే ముసలి వడ్రంగి, తన బాడిశ ఇచ్చాడు. చుట్టూ జనం. అదిమి పట్టాను. రవ్వలు లేచాయి. చూసేసరికి అంచు నీలం తిరిగింది, ఉక్కులో పస పోయింది. ఆ నీలాన్ని గరుకు కాగితంతో రుద్ది, తళతళలాడించి ఇచ్చాను.

మరుసటి అంగడికి తిరిగొచ్చాడు.

“సేటూ, నాలుగు దెబ్బలకే మొద్దువడ్తున్నది. జర సూడు.”

“బాడిశ మంచిగనే ఉన్నది తాతా. నీ చెయ్యే వణుకుతున్నది. ముసలితనం దానికి రాలే, నీకచ్చింది.”

నలుగురూ నవ్వారు. ఆయన అరచేయి తిప్పి చూసుకున్నాడు.

“గట్లనే గావచ్చు బిడ్డా.”

ఆ తర్వాత ఆయన నాగలి చెక్కలేదు. రైతులు వేరే వడ్లాయన దగ్గరికి పోయారు. కమ్మరి కొలిమిలో ఒక్క పూట పెడితే ఆ బాడిశ బాగయ్యేది. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు? దుకాణానికి జనం రారని ఆగానా, నవ్విన నలుగురి ముందు చిన్నబోతానని ఆగానా? ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా నాతో నేనే బేరమాడి, తక్కువ తప్పుకే ఒప్పించుకునేవాణ్ణి. లస్మయ్య వాకిలి ముందు నుంచి పోతుంటే పిలిచి చాయ ఇచ్చేవాడు. నిండు గ్లాసు, చుక్క తొణికేది కాదు. చూస్తూనే తాగేవాణ్ణి.

ముసలాయన పోయాడు. తన చేయి చెడిందనే నమ్మి పోయాడు.

క్షమించమని అడగను. అదీ ఒక బేరమే అవుతుంది. నలుగురిలో అన్నదాన్ని నలుగురు చదివేచోట దిద్దుతున్నాను, అంతే. లస్మయ్య చేయి ఏనాడూ వణకలేదు. ఆ బాడిశను కాల్చింది నేను.

అనేశాను.