మూడు ఇటుకల మాట

చేతిలో తాపీ ఉంటే పెద్దమేస్త్రీ నోరు ఊరుకోదు. ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు తట్లు తట్టి, ఒంటికన్నుతో వరస చూసుకుంటూ కోతలు మొదలెడతాడు.

"మేస్త్రీ అన్నది మన మాట కాదురా. పోర్చుగీసువాళ్ల ఓడ దిగొచ్చింది. అక్కడ పాఠం చెప్పేవాడూ, ఓడ నడిపేవాడూ అంతా మేస్త్రీలే. ఇక్కడికొచ్చాక బట్టలు కుట్టేవాడికీ, గోడ కట్టేవాడికీ దక్కింది. మా ముత్తాత మూడు ఇటుకలిచ్చి ఓ నావికుడి దగ్గర కొన్నాడు."

"మొన్న నాలుగన్నావుగా బావా?" అంటాడు బావమరిది.

"నాలుగు వాడు చెప్పిన ధర. బేరం తెగింది మూడుకి."

గోడ నిలువు చూసే తూకం గుండు పట్టడం దగ్గర్నుంచీ ఆ బావమరిదికి పని నేర్పింది ఈయనే. ఒకరోజు ఇంటి యజమాని వచ్చి "మేస్త్రీ!" అని పిలిచాడు. పెద్దమేస్త్రీ తిరిగేలోపే బావమరిది "అయ్యా" అంటూ ముందుకెళ్లాడు.

"మీ బావ చెయ్యి వణుకుతోందని చెప్పి నువ్వు మంచిపని చేశావు. రేపట్నుంచి పనంతా నువ్వే చూసుకో" అన్నాడు యజమాని.

పెద్దమేస్త్రీ తన చేతివంక చూసుకున్నాడు. ఇటుక మీద అది రాయిలా ఆని ఉంది.

మర్నాడు ఆయన కింద సిమెంటు కలుపుతుంటే, పైన పరంజా మీద బావమరిది కూలీలకి చెబుతున్నాడు: "మేస్త్రీ అన్న మాటని మా ముత్తాత అయిదు ఇటుకలిచ్చి కొన్నాడు."

'మూడేరా' అనబోయాడు పెద్దమేస్త్రీ. పార పట్టుకున్న చెయ్యి అప్పుడు వణికింది.