తెరిచిన గేటు ముందు నా వాదన

నా నోరు నన్ను చాలాసార్లు ముంచింది. కానీ తెరిచి ఉన్న గేటు ముందు నిలబెట్టి, చప్పట్ల మధ్య ముంచింది మాత్రం ఒక్కసారే. ఆ సంగతే చెబుతాను. నవ్వండి, ఫర్వాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాన్ల దుకాణం. గిన్నె మీద అంటించిన ధర మాకు మాట కలపడానికి ఒక సాకు, అంతే. అక్కడ పెరిగినవాణ్ణి కాబట్టి ఏ నిబంధన చూసినా 'ఇది చెప్పే రేటు, ఇచ్చే రేటు వేరే ఉంటుంది' అనిపించేది. ఈ నోటికి లాయర్ చదువే తగినదని చుట్టాలంతా అంటే చేరాను. ఒకే పేపరు పదే పదే పోయింది. చివరికి నాన్న తేల్చేశాడు.

"గీపారి పాసైతే నల్లకోటు ఏస్కో. లేకుంటే గల్లా కాడ కూసో. మల్ల సదువు ముచ్చట తియ్యకు."

పరీక్ష రోజు పొద్దుటినుంచీ వాన. కొత్తపేట దగ్గర మొదటి ఆటో అతను చెప్పిన కిరాయికి సగం అడిగాను. అతను పోయాడు. తరవాతి అతనికి సగం మీద కొంచెం పెంచాను. అతనూ పోయాడు. ఆఖరికి ఒకాయన నా రేటుకే ఒప్పుకున్నాడు. యుద్ధం గెలిచిన మహారాజులా ఎక్కి కూర్చున్నాను. ఎల్బీ నగర్ అవతల పరీక్షా కేంద్రం చేరేసరికి గేటు వేసి ఉంది. 'నిమిషం ఆలస్యమైనా అనుమతి లేదు' అని పక్కనే బోర్డు. గేటు లోపల గొడుగు పట్టుకుని ఒక మహిళా కానిస్టేబుల్.

"అక్కా, జర తియ్యవా?"

"టైం అయిపోయింది తమ్మీ. బోర్డు కనిపిస్తలేదా?"

"బోర్డుదేముంది అక్కా! మా దుకాణంల గూడ 'బేరం లేదు' అని బోర్డుంటది. రోజంత దాని కిందనే బేరం చేస్తం."

"గిది దుకాణం గాదు."

"సరే, నీ మాట గాదు, నా మాట గాదు. సగం నిమిషం నేనొదులుకుంట, సగం నువ్వొదులుకో. ఖతం."

"నిమిషమేమన్న టమాటనా, కోసి సగం ఇయ్యనీకి?"

అప్పుడే ఒకతను తడిసి ముద్దై బైకు దిగాడు. టక్ చేసిన చొక్కా, ప్లాస్టిక్ కవర్లో హాల్‌టికెట్. అంతలో ఆమె ఫోను మోగింది. "జీ సార్... అట్లనే సార్... పంపిస్త సార్" అంటూ ఆమె గేటుకున్న చిన్న తలుపు తెరిచింది. టక్ చొక్కా ముందుకు ఉరికాడు.

నాకు మొత్తం అర్థమైపోయింది. టక్ చొక్కా వెనక ఒక మామ, ఆ మామ వెనక ఒక లీడరు, ఆ లీడరు చెవి దగ్గర ఒక ఫోను! అంతవరకూ మినహాయింపు కోసం బతిమాలుతున్న నేను, అది ఇంకొకడికి దొరికేసరికి రాజ్యాంగంలా లేచి నిలబడ్డాను.

"ఏంది అక్కా గిది? నాకొక రూలు, గాయనకొక రూలా?"

"అరే తమ్మీ, జర ఇను..."

వినడమా! గోడ పక్కనున్న దిమ్మె ఎక్కాను. గొడుగుల కింద నిలబడ్డ తల్లిదండ్రులు, టిఫిన్ బండి చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. జనాన్ని చూస్తే నా నోరు కొత్త బ్యాటరీ వేసిన బొమ్మ. భాష కూడా దానంతటదే పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది.

"సమన్యాయ పాలన అంటే ఏమిటి? పాలించేది మనుషులు కాదు, చట్టం! ఎంతటివాడైనా దానికి లోబడవలసిందే!"

చప్పట్లు.

"ఏవండీ, ముందు లోపలికి రండి," అన్నాడు టక్ చొక్కా, తలుపులో ఒక కాలు పెట్టి. గుంటూరు వైపు యాస. "తర్వాత మాట్లాడుకుందామండీ."

"మీ దయ నాకక్కరలేదు! నిబంధన ముందే అందరికీ తెలియాలి. తెలిసిన నిబంధన అందరికీ ఒకేలా వర్తించాలి. ఫోను మోగిందని అధికారి ఇష్టానుసారం మారకూడదు!"

మళ్లీ చప్పట్లు. టిఫిన్ బండి ఆయన అట్లకాడ గాల్లో పట్టుకుని వింటున్నాడు. పెనం మీద దోసె మాడుతోంది.

"తమ్మీ, నీకు దండం పెడత, ఒక్క మాట..."

"అన్నిటికన్నా ముఖ్యం," అరచెయ్యి చాపి ఆమెను ఆపాను, "అవతలి పక్షం మాట వినకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు!"

ఆ వాక్యం అంటున్నప్పుడు నాకేమీ తట్టలేదు, ఒట్టు. మీకేదైనా తట్టిందంటే అది మీ తెలివి.

టక్ చొక్కా తల పట్టుకుని లోపలికి పరుగెత్తాడు. నేను న్యాయవ్యవస్థ స్వతంత్రత దాకా వచ్చాను. గొళ్లెం పడిన చప్పుడుకు ఆగాను.

"అయిందా?" అంది ఆమె. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఫోన్ చేసింది లోపల ఎగ్జామ్ సారు. వానకు రోడ్లన్ని జామైనయని ఆలస్యమైనోళ్లకు జరంత టైమిచ్చిండ్రు. గాయనొక్కనికి గాదు, అందరికి. నీ కోసమే తలుపు పట్టుకొని నిలబడ్డ. నువ్వేమో దిమ్మె దిగకపోతివి. గిప్పుడు గా టైం గూడ అయిపోయె."

"అక్కా... జర... ఒక్క..."

"ఎట్ల తమ్మీ? రూలు అందరికి ఒక్కటే అని ఎంత మంచిగ చెప్పినవ్!"

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఈసారి ఆమెకు.

టిఫిన్ బండి ఆయన ఆ మాడిన దోసెను పైసలు తీసుకోకుండా నా చేతిలో పెట్టాడు. ఇంటికి పోవడానికి మొహం చెల్లక పరీక్ష అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. గేటు తెరుచుకోగానే టక్ చొక్కా పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ మేలు మర్చిపోలేనండీ! మొదటి ప్రశ్నే సమన్యాయ పాలన, అర్థం, సూత్రాలు! నేనా పాఠం ముట్టుకోనే లేదు. మీరు అరిచినవన్నీ వరసగా రాసేశాను. ఇంకాసేపు గేటు దగ్గరే ఉండి మిగతావి కూడా వినాల్సిందండీ."

ఇంటికెళ్లి జరిగింది చెప్పాను. నాన్న అంతా విన్నాడు. తర్వాత లేచి, గల్లా పక్కనున్న కుర్చీని కండువాతో శుభ్రంగా తుడిచాడు.

ఆ కుర్చీలో కూర్చునే ఇది రాస్తున్నాను. సాటి వర్తకుల సాక్షిగా, స్టీలు బిందె మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను: న్యాయం కోసం అరవడం మానను. కానీ ఇకమీదట ముందు గేటు దాటి లోపలికి పోతాను, అక్కణ్ణుంచి అరుస్తాను.