అమావాస్య నాడు పంపుదామన్నాను

మా వీధి చివరింటి అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసై, పరిశోధన చేస్తానంటూ నా దగ్గరికి వచ్చింది. తండ్రిది రైస్ మిల్లులో పని. తల్లి ఇంట్లో పూతరేకులు తీసి షాపులకు వేస్తుంది. ఫెలోషిప్ లేకుండా ఆ ఇంటి నుంచి పీహెచ్‌డీకి వెళ్లడం కుదరని పని.

ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం. ఒకటి ఫలానా కులం వాళ్లకే. ఒకటి ఎప్పుడో మూసేసినా వెబ్‌సైట్లో మాత్రం ఇంకా మెరుస్తోంది. చివరికి ఆమెకు అన్ని విధాలా సరిపోయేది దొరికింది. దరఖాస్తు సిద్ధమైన రోజు తల్లి మా ఇంటికి వచ్చింది.

"మాస్టారండీ, ఇవాళ దశమి, మంచిదంట. ఇవాళే పంపించేయండి."

మూఢనమ్మకాల మీద నేనెక్కని వేదిక ఈ చుట్టుపక్కల లేదు. ఆ మాటకి నాకు తిక్కరేగింది. గోడ క్యాలెండర్ చూశాను. ఆఖరి తేదీ సరిగ్గా అమావాస్య. ఆ రోజే పంపుదాం, ఫెలోషిప్ వచ్చాక ఊళ్లో సభ పెట్టి మరీ చెబుదాం అన్నాను. తల్లి ఎదురు చెప్పలేకపోయింది. ఏ రోజైతే ఏంటండి, ఎలాగూ అయిపోయింది కదా, పంపేద్దాం అని అమ్మాయి నసిగింది. ఆ గదిలో హేతువుతో మాట్లాడింది ఆమె ఒక్కతే. నేను వినిపించుకోలేదు.

అమావాస్య నాడు పొద్దుటి నుంచీ వెబ్‌సైట్ తెరుచుకోలేదు. దేశమంతా ఆఖరి రోజే ఎగబడుతుందని తెలియని వాణ్ణి కాదు. ఫొటో ఎక్కితే సర్టిఫికెట్ ఎక్కదు, సర్టిఫికెట్ ఎక్కితే పేజీ పోతుంది. సాయంత్రం ఐదింటికి గడువు ముగిసిందని వచ్చింది. అమ్మాయి లాప్‌టాప్ మూసి, చార్జర్ వైరు చుట్టి నా చేతికిచ్చింది.

అమావాస్య దెబ్బేనని వీధంతా తేల్చేసింది. సిద్ధాంతులంతా కలిసి చేయలేని ప్రచారం పంచాంగానికి నేనొక్కణ్ణే చేసిపెట్టాను. అది భరించగలను. కానీ ఆ అమ్మాయి చదువు ఆగి, ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి సైన్సు చెబుతోంది. తండ్రి నన్ను నిందించలేదు. అరుగు మీద ఎవరితోనో అంటుంటే విన్నాను.

"మేమూ రోజు చూస్తాం, మాస్టారూ చూస్తారండి. మేం మంచిది చూస్తాం, ఆయన చెడ్డది ఏరుకున్నారు. అంతే తేడా."

నన్ను ఇంత సూటిగా ఎవరూ ఓడించలేదు.

అప్పటి నుంచి రోజూ కాఫీ కన్నా ముందు ఫెలోషిప్‌ల పేజీలు చూస్తున్నాను. మొన్న ఒకటి కనబడింది. గడువు ఇంకా చాలా ఉంది. స్కూలు వదలగానే అమ్మాయి, వెనకే తల్లి వచ్చారు. గోడ మీద క్యాలెండర్ తీసేసి చాలా కాలమైంది. ఇవాళ ఏం తిథండీ అని తల్లి అడగలేదు, నాకు భయపడి కాబోలు. అడిగి ఉంటే బాగుండేది. తెలియదమ్మా అని చెప్పేవాణ్ణి, అది నిజం కూడా.

అప్పటికప్పుడే దరఖాస్తు నింపి పంపాం. అందినట్టు మెసేజ్ వచ్చాక గానీ ఆవిడ ముఖం చూడలేకపోయాను.